ఆ బొమ్మ లాక్కోకు

చి. సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన బొమ్మ చూసి ఒళ్ళు మండిందన్నావు. తొడల పైకి స్కర్టు, హై హీల్స్, సగం వాల్చిన రెప్పలు. సరే. నాకు రాత్రి నిద్ర పట్టనివ్వంది అది కాదు. చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశావే, పిల్ల అద్దం ముందు పొట్ట లోపలికి పీల్చి "నేను లావుగా ఉన్నానా అమ్మా" అని అడిగిందని, అదీ. ఆరేళ్ళకే! నువ్వేం జవాబు చెప్పావో మాత్రం రాయలేదు.

ముందు నేను చేసిన తప్పు విను. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు ఇలాంటి బొమ్మే ఇంటికొచ్చింది. అది నిద్రపోయాక తీసి చెత్తబుట్టలో పడేశాను. పొద్దున్నే మంచాల కింద, ఉతకని బట్టల్లో, అన్నిచోట్లా వెతికింది. నాకేం తెలీదన్నాను. కాసేపటికి చెత్తలోంచి బొమ్మ కాలు కనిపించింది దానికి. ఏడవలేదు. తీసి కుళాయి కింద కడిగి, పైట చెంగుతో నేను తుడవబోతే ఇవ్వకుండా తీసుకెళ్ళి ఎక్కడో దాచుకుంది. పద్నాలుగేళ్ళప్పుడు స్నేహితురాలి ఇంట్లో బట్టలు మార్చుకుని తిరుగుతోందని వేరేవాళ్ళ నోట విన్నాను. నాతో చెప్పడం అది ఎప్పుడో మానేసింది.

కాబట్టి లాక్కోకు. దాని ఎదుట "ఛీ, ఇదేం బొమ్మ" అనకు. తనకి ముద్దొచ్చినదాన్ని ఛీ అంటే తననే అన్నట్టు వింటుంది. బట్టల దగ్గర "సిగ్గులేదా" అన్న మాట అసలే వద్దు. ఆ గౌను గీసింది, కుట్టించింది, కొట్లో వేలాడదీసింది పెద్దవాళ్ళు. మధ్యలో పిల్లెందుకు సిగ్గుపడాలి?

పెద్ద ఆడమనిషి రూపంలో బొమ్మ ఉండటమే తప్పని నేననను. తన కూతురు కాగితం బొమ్మలతో పెద్దవాళ్ళ ఆట ఆడుకోవడం చూశాకే అమెరికాలో రూత్ హ్యాండ్లర్ అనే ఆవిడకి బార్బీ ఆలోచన వచ్చింది. 1959లో మార్కెట్లోకి తెచ్చింది. అంతకుముందు ఆడపిల్లల చేతికి ఎక్కువగా పసిపాప బొమ్మలే ఇచ్చేవారు, అంటే అమ్మ ఆటే గతి. ఆ మేరకు ఆవిడ మేలే చేసింది. చిక్కల్లా ఆవిడ చూసి నమూనా తీసుకున్న బొమ్మతో. అది లిల్లీ అనే జర్మన్ బొమ్మ. పత్రికలో పెద్దవాళ్ళ కార్టూన్‌లోంచి పుట్టింది, పొగాకు కొట్లలో మగవాళ్ళు సరదాకి కొనుక్కునేది. ఆ ఒంటి తీరే పిల్లల గదిలోకి వచ్చింది. 1965లో ఒక బార్బీతో పాటు బుల్లి బరువు మిషను కూడా ఇచ్చారు. ముల్లు 110 పౌన్ల దగ్గర, అంటే దాదాపు 50 కిలోల దగ్గర, కదలకుండా ఉండేది. తోడుగా బరువు తగ్గడం ఎలా అనే చిట్టి పుస్తకం. దాని వెనక అట్ట మీద ఉన్న సలహా ఒక్కటే, తినొద్దు అని!

నీది చాదస్తమని మీ ఆయన అంటే ఇది చెప్పు. 2006లో బ్రిటన్‌లో ఒక పరిశోధన అచ్చయింది. ఐదు నుంచి ఎనిమిదేళ్ళ ఆడపిల్లలకి బొమ్మల చిత్రాలు చూపించారు. వాళ్ళలో చిన్నవాళ్ళు బార్బీ చిత్రాలు చూశాక తమ ఒళ్ళు తమకి నచ్చలేదన్నారు, ఇంకా సన్నబడాలన్నారు. నిండుగా ఉన్న బొమ్మని చూసిన ఆ వయసువాళ్ళు అలా అనలేదు. మరుసటి ఏడు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కూడా, ఆడపిల్లల్ని కవ్వించే బొమ్మల్లా చూపించడానికీ తిండి జబ్బులకీ దిగులుకీ సంబంధం ఉందని నివేదిక ఇచ్చింది.

ఇక ఏం చెయ్యాలంటే, తీరిగ్గా దాని పక్కన కూర్చుని బొమ్మ పేరేంటో అడుగు. ఏం పని చేస్తుందో అడుగు. నేలమీద నిలబెట్టమను. ఇలాంటి చాలా బొమ్మలకి పాదం ముని వేళ్ళ మీదే ఉంటుంది, చెప్పు తీస్తే పడిపోతుంది. "మరి ఇది బస్సు వెనక పరిగెత్తాలంటే ఎలాగే?" అను. తక్కిన ఆలోచన దానికే వదిలెయ్. పాత సాక్సు ఒకటి తీసుకుని కాలివేళ్ళ వైపు కత్తిరించేస్తే బొమ్మకి గౌను, పక్కన రెండు గాట్లు పెడితే చేతులు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో సోనియా సింగ్ అనే ఆవిడ, బ్రాట్జ్ అని మొహం నిండా మేకప్‌తో వచ్చే బొమ్మలు పాతవి తీసుకుని ఆ మేకప్ చెరిపేసి మామూలు పిల్లల మొహాలు గీసేది, బట్టలు వాళ్ళమ్మ చేసేది. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో నువ్వూ చెరపొచ్చు, కిటికీ తెరిచి నువ్వే చెయ్యి. అదీ పిల్ల సరేనంటేనే.

బట్టలు కొనేటప్పుడు ట్రయల్ రూమ్‌లో మూడు పనులు చేయించు: చేతులు పైకెత్తమను, గొంతుక్కూర్చోమను, దూకమను. ప్రతిసారీ కిందికో పైకో లాక్కుంటుంటే వెనక్కి పెట్టేయండి. మంచీ చెడ్డా చర్చ అక్కర్లేదు, "ఇందులో ఆడుకోలేవు" అంటే చాలు. ఒకసారి మగపిల్లల అర వైపు కూడా వెళ్ళు. అదే వయసు నిక్కరు అక్కడ మోకాలి దాకా ఉంటుంది, జేబులో గుప్పెడు గోళీలు పడతాయి. నేనైతే అక్కడే కొనేదాన్ని. ఛాతీ మీద ఏం రాసుందో చదివి మరీ కొను. ఏడేళ్ళ పిల్లలకి ప్యాడ్‌లు పెట్టిన లోదుస్తులు కనిపిస్తే ఊరుకోకు, కంపెనీకి రాయి. వింటారా అనకు. 2006లో కవ్వించే డాన్సుల పాటల బృందం ఒకదాని పేరుతో ఆరేళ్ళ పిల్లలకి బొమ్మలు తేబోయిన హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ, తల్లిదండ్రుల గోల తట్టుకోలేక మానేసింది.

లిప్‌స్టిక్ పూసుకుని నీ చీర చుట్టుకుంటే కంగారు పడకు. అది ఆట. ఆట అయ్యాక మొహం కడిగెయ్యి.

ఇక ఆ అద్దం ముందు ప్రశ్న. "లేదు బంగారం, సన్నగానే ఉన్నావు" అని ఉంటావు, అవునా? నేనూ అదే అనేదాన్ని. అలా అంటే సన్నగా ఉండటమే గొప్ప అని ఒప్పుకున్నట్టే. ఈసారి "ఎవరైనా అన్నారా?" అని అడిగి ఆగు. చెప్పేదాకా ఆగు. ఎవరన్నారో నాకు కొంచెం అనుమానం ఉంది. పోయినసారి నేను వచ్చినప్పుడు నువ్వు జిప్పు పట్టక "ఛీ, ఈ పొట్టొకటి" అని విసుక్కున్నావు. పిల్ల మంచం మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ నిన్నే చూస్తోంది.

సాక్సు గౌను కుట్టాక ఫోటో పంపు. మెడ బిగుతైతే వెనక చిన్న గాటు పెట్టి గుండీ కుట్టు, తల దూరుతుంది.

మీ పెద్దమ్మ