ఆ మొదటి అరగంట

తమ్ముడూ,

నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. ఆఫీసు పనితో తీరిక చిక్కడం లేదని, ఉద్యోగం మానేస్తే తప్ప నవల తెమలదేమోనని టెన్షన్ పడుతున్నావు. తొందరపడకు. ముందు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ సంగతి విను.

విక్టోరియా రాణి కాలంలో ఆయన తపాలా శాఖ ఉద్యోగి. 1852లో జెర్సీ దీవి వీధుల్లో పోస్టు డబ్బాలు వెలిశాయంటే అది ఆయన సిఫారసు ఫలితమే. 33 ఏళ్లు ఆ కొలువు చేశాడు. జీవితకాలంలో రాసిన నవలలు 47! డ్యూటీ మీద రైల్లో వెళ్తూ పెన్సిల్‌తో రాసేవాడు, ఇంటికొచ్చాక భార్య రోజ్ వాటికి సాపు ప్రతి రాసిపెట్టేది.

పొద్దున ఐదున్నరకల్లా బల్ల ముందు ఉండాలని నియమం. ఆ వేళకు కాఫీ తెచ్చి లేపినందుకు గుర్రాలు చూసుకునే ముసలాయనకు ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. తన విజయంలో అందరికంటే ఎక్కువ అతనికే రుణపడ్డానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఎంత మంచి మాట! గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాలు రాసేవాడు. ‘డాక్టర్ థార్న్’ నవల ముగించిన మర్నాడే ‘ది బెర్‌ట్రామ్స్’ మొదలుపెట్టాడు.

ఆయన పోయాక, 1883లో ఆత్మకథ అచ్చయ్యి ఈ లెక్కలన్నీ బయటపడ్డాయి. రచనంటే కూలిపనా అని చాలామంది ముఖం చిట్లించారు. అది అన్యాయమని నా అభిప్రాయం. రోజూ కూర్చునే మూడు గంటల్లో మొదటి అరగంట ఆయన కొత్తగా ఒక్క ముక్కా రాసేవాడు కాదు. నిన్నటి పేజీలు చదువుకుంటూ, మాటలు ఎలా పలుకుతున్నాయో చెవితో తూచుకునేవాడు. 250 పదాల సంగతి అందరూ చెబుతారు, ఈ అరగంటను మాత్రం వదిలేస్తారు.

నీ కథకు కావలసింది అదే. రెండో పేజీలో, జ్వరంతో పడుకున్న కొడుకుని తల్లి “ఇప్పుడు నీ ఆరోగ్య పరిస్థితి ఎలా ఉంది?” అని అడుగుతుంది. ఏ తల్లి అలా అడుగుతుంది? నుదుటి మీద చెయ్యి వేసి “తగ్గిందా నాన్నా?” అంటుంది. పైకి చదివి ఉంటే నీ చెవే నిన్ను ఆపేది.

ఉద్యోగం మానకు. రోజుకో గంట రాయి, అందులో మొదటి పది నిమిషాలు నిన్నటిది పైకి చదువు. ఆ రెండో పేజీ సరిచేసి వచ్చే నెల పంపు, నేను చూస్తాను.

మీ అన్నయ్య