పెన్సిల్ సున్నాలు: ఒక యువ కవయిత్రికి ఉత్తరం

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన పన్నెండు కవితలూ అందాయి. మొదటిసారి వాకిట్లో కూర్చుని తీరిగ్గా చదువుకున్నాను. రెండోసారికి పాత జబ్బు తిరగబెట్టి చేతిలోకి పెన్సిల్ వచ్చింది. ఏళ్ల తరబడి పిల్లల తెలుగు నోటుపుస్తకాలు దిద్దిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకోదు. అమ్మ కుట్టుమిషను మీద రాసిన కవితలో 'లా', 'వలె', 'లాంటి' కనబడ్డచోటల్లా సున్నా చుట్టుకుంటూ పోయాను. పద్దెనిమిది పాదాల్లో పదకొండు సున్నాలు తేలాయి. ముఖం చంద్రబింబంలా, చేతులు లతల్లా, కళ్లు కలువల్లా, ఓపిక భూదేవిలా. చివరికొచ్చేసరికి అమ్మ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఇంతమంది ముందు నిలబడితే పాపం ఆమె ఎలా కనబడుతుంది?

పదమూడో పాదం దగ్గర మాత్రం పెన్సిల్ ఆగిపోయింది. 'గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకున్నంతసేపూ అమ్మ నన్ను తిట్టలేదు' అని రాశావు. అక్కడ ఏ పోలికా లేదు. అయినా ఆ గది, మిషను, జాకెట్టు ముక్కలు, నోరు మెదపలేక కళ్లతోనే కోప్పడుతున్న మనిషి, అన్నీ నాకు కనబడ్డాయి. నువ్వు అలంకారం లేకుండా రాశాననుకుని ఉంటావు. కావ్యాలకు లక్షణాలు రాసిన మన లాక్షణికులు దాన్నీ వదల్లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడానికి స్వభావోక్తి అని పేరు పెట్టారు. దండి 'కావ్యాదర్శం'లో అర్థాలంకారాల వరుస మొదలుపెట్టింది దానితోనే. ఉపమ ఆ తర్వాతే వచ్చి కూర్చుంది.

'అలంకారాలన్నీ నేర్చుకుంటే గానీ కవిత్వం రాదా మాస్టారూ' అని అడిగావు. పదో తరగతిలో నువ్వు చదివినవి చాలు. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్షల తేడా పరీక్షకే కాదు, రాసేటప్పుడూ పనికొస్తుంది. 'అమ్మ దీపంలా ఉంది' అంటే అమ్మా దీపమూ విడివిడిగానే ఉంటాయి. 'అమ్మ దీపం' అంటే రెండూ ఒకటైపోతాయి. 'అమ్మ కాదు, దీపమేమో అనిపించింది' అన్నప్పుడు మూడో మనిషి ప్రవేశిస్తాడు, అలా అనిపించినవాడు. ఆ మనిషి అవసరం నీ కవితకు ఉందో లేదో చూసుకో. అతిశయోక్తి సంగతి నేను చెప్పనక్కర్లేదు, మన సినిమాలు చూస్తూ పెరిగినదానివి.

ఉపమ మీద మాత్రం కొంచెంసేపు ఆగుతాను, నువ్వు అన్యాయం చేసింది దానికే కనుక. 'రఘువంశం' ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరం ఉంది. ఆమె వరమాల పట్టుకుని ఒక్కొక్క రాజునూ దాటుకుంటూ వెళుతుంది. రాత్రివేళ రాజవీధిలో కదిలిపోతున్న దీపశిఖలా ఉంది ఆమె అన్నాడు కాళిదాసు. ఆమె దాటి వెళ్లిన రాజు ముఖం, దీపం దాటిపోయిన మేడలా వెలవెలబోయింది. ఈ ఒక్క పోలికకే ఆయనకు 'దీపశిఖా కాళిదాసు' అన్న పేరు నిలిచింది. ఆ శ్లోకంలో ఆమె అందం గురించి ఒక్క మాటైనా లేదు, గమనించావా? దీపం వస్తుంటే మేడ ముందుభాగం వెలుగుతుంది, దాటగానే చీకటి పడుతుంది. రాజు ఆశ, గర్వం, పరాభవం మూడూ ఆ రెండు క్షణాల్లో ఇమిడిపోయాయి. పోలిక కదులుతోంది, కథ దానితోపాటు నడుస్తోంది. నీ చంద్రబింబం వచ్చిన చోటునుంచి కదలలేదు. అమ్మ తలవంచి కాజాలు కుడుతుంటే పైన ఊరికే వెలుగుతూ కూర్చుంది.

ఇక ప్రాసల మాట. 'ఆశ, శ్వాస, ధ్యాస' ఈ మూడూ నీ పన్నెండు కవితల్లో ఏడు చోట్ల కలిసి తిరిగాయి. వాటిని కొన్నాళ్లు పుట్టింటికి పంపించు. పాదం చివర చప్పుడు కలిస్తే చెవికి బాగుంటుంది, నేనూ కాదనను. కానీ ఆ చప్పుడు చేత ఏ పని చేయిస్తున్నావన్నది అసలు సంగతి. గజేంద్రమోక్షంలో ఏనుగు మొర విని విష్ణువు ఉన్నపళంగా బయల్దేరాడు, లక్ష్మీదేవి వెంటపడింది. అప్పుడు పోతన రాసిన కందం నీకు నోటికి వచ్చే ఉంటుంది:

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దన మగుఁడు నుడుగఁ డని నడ యుడుగున్
వెడవెడ చిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

వృత్త్యనుప్రాసకు ఉదాహరణ అని రాసి రెండు మార్కులు తెచ్చుకుని మనందరం దీన్ని వదిలేశాం. ఇప్పుడు మళ్లీ పైకి చదువు, గట్టిగా. 'డ'కారం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను, 23 సార్లు. రెండు, నాలుగు పాదాల చివరి అక్షరాలు తప్ప మొత్తం లఘువులే. నాలుక ఆగి ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క దీర్ఘం కూడా దొరకదు. ఆమె చిన్న చిన్న అడుగులు, ఆ తడబాటు, మన నోట్లో జరుగుతాయి. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నాకు యాభై దాటాక తట్టిన సంగతి ఇంకొకటుంది. 'అడుగు' అంటే ప్రశ్నించు, 'అడుగు' అంటే పాదం వేసే అంగ. ఎక్కడికని అడగాలనుకుంటుంది, అడిగినా చెప్పడని ఆగుతుంది. అడుగు వేస్తుంది, వేయలేదు. ప్రశ్న గొంతులో ఆగినప్పుడల్లా కాలు నేల మీద ఆగుతోంది, రెండింటికీ మన భాషలో ఒకటే మాట. పోతన అనుకుని చేశాడో, చెయ్యి తిరిగినవాడు కనుక దానంతటదే వచ్చిందో, నేను తేల్చలేను. ఇంకో భాషలోకి తీసుకెళితే ఈ ముడి విడిపోతుంది. నువ్వు రాసేది వచన కవిత, గణాలు లెక్కపెట్టనక్కర్లేదు. అయినా అమ్మ మిషను తొక్కేటప్పుడు వచ్చే చప్పుడు నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ నడక నీ పాదాల్లో ఎక్కడైనా వినబడుతోందా? నాకైతే వినబడలేదు.

ఇలాంటివి పెద్ద పుస్తకాల్లోనే ఉంటాయనుకోకు. 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అన్నవాళ్లు ఏ అలంకారశాస్త్రమూ చదవలేదు. కకారాలు ఎలా పడ్డాయో చూడు. పైకి కూరగాయల మాట, లోపల మనుషుల మాట. మా నాయనమ్మ మమ్మల్ని నిద్రపుచ్చే ముందు ఒక పొడుపు కథ వేసేది: 'అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువున ఎండిపోయాను'. విప్పితే పిడక! పేడకు ప్రాణం పోసి, దానిచేత ఆత్మకథ చెప్పించి, వినేవాడి మీద నేరం కూడా మోపింది ఎవరో పేరు తెలియని మహాతల్లి. నీ పుస్తకంలో 'మానవీకరణ' అని రాసుకున్నావు చూడు, అది ఇదే. మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లుంటే పొడుపు కథలు అడిగి రాసుకో. కవితా సంకలనాలు తర్వాత కొనుక్కోవచ్చు.

నువ్వు ఉత్తరం చివర్లో అన్న మాట నన్ను కొంచెం బాధపెట్టింది. 'మామూలు మాటల్లో రాస్తే కవిత్వం కాదంటున్నారు, అందుకే అలంకారాలు పెంచాను' అన్నావు. ఈ తగాదా పాతదే. 'సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్లకు వెళుతున్నాయి' అనే అర్థం వచ్చే ఒక సంస్కృత వాక్యం ఉంది. ఇదేం కవిత్వం, వార్త అన్నాడు భామహుడనే లాక్షణికుడు. వేళ ఎంతైందో చెప్పే సందర్భంలో ఇదీ బాగానే ఉంటుందన్నాడు దండి. పదకొండో శతాబ్దపు మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో ఇంకా ముందుకు వెళ్లాడు. 'సూర్యుడు అస్తమించాడు' అన్నంత మాత్రాన పశువులు కాసేవాడికి ఆవుల్ని తోలుకురమ్మన్నట్టు, కూలీకి పని చాలించమన్నట్టు, అంగడివాడికి సరుకు సర్దుకోమన్నట్టు, ప్రియుడి కోసం చూసేదానికి అతను ఇంకా రాలేదన్నట్టు వినబడుతుందట. పైకి అనకుండానే ఇలా వినబడే అర్థం ఉంది చూడు, ధ్వని అనేది ఇదే. వాక్యంలో ఒక్క అలంకారమైనా లేదు, పలికిన సందర్భం మొత్తం పని చేసింది. మీ అమ్మ 'పొద్దుపోయింది' అంటే దానికి మీ ఇంట్లో ఏ అర్థమో నీకే తెలుసు. చీర అప్పజెప్పాల్సిన గడువా, నాన్న ఇంకా ఇల్లు చేరలేదనా?

ఔచిత్యం గురించి, అంటే ఏది ఎక్కడ తగునో ఆ సంగతి గురించి, క్షేమేంద్రుడనే లాక్షణికుడు ఒక పుస్తకమే రాశాడు. వడ్డాణం మెడలో వేసుకుని, కాలి అందె చేతికి తొడుక్కుంటే నవ్వరా అని అడిగాడు. నీ మిషను కవితలో కలువలు ఆ అందెలే. కానీ చెరువు మీద రాసిన నాలుగో కవితలో అవే కలువలు తమ ఇంట్లో తాము ఉన్నాయి, వాటిని కదపకు.

నా మొదటి కవిత అచ్చయినప్పుడు అందులో 'వలె'లు నీ 'లా'ల కన్నా ఎక్కువే ఉన్నాయి. కత్తిరించి దాచుకున్న ఆ కాగితం ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది, ఎవరికీ చూపించను. కాబట్టి నా సున్నాలు చూసి చిన్నబోకు. పన్నెండింటినీ ఈ ఉత్తరంతోపాటు తిరిగి పంపుతున్నాను. మిగతా పదకొండు కవితల మాట తర్వాత చూద్దాం, ముందు మిషను కవిత పట్టుకో. సున్నా చుట్టిన పదకొండింటినీ తీసేసి, మిగిలినదాన్ని ఒకసారి అమ్మకు చదివి వినిపించు. పదమూడో పాదం జోలికి మాత్రం పోకు. ఇంకో సంగతి. గుండుసూదులు జాకెట్టుకు గుచ్చేశాక, నోరు ఖాళీ అయ్యాక, అమ్మ నీతో ఏమంది? అది నువ్వు రాయలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు