డెలివరీ హబ్ ఇన్‌ఛార్జి ఉద్యోగం ఎలా ఉంటుంది? చేరేముందు ఏం చూసుకోవాలి?

లైన్‌హాల్ లారీ, అంటే వేరే ఊరి పెద్ద కేంద్రం నుంచి హబ్‌కు సరుకు తెచ్చే లారీ, వచ్చే వేళే మీ డ్యూటీ వేళ. సాధారణంగా తెల్లవారుజామునే సరుకు దింపి, ప్రతి పార్శిల్‌నూ స్కాన్ చేసి, రూట్లవారీగా వేరుచేసి రైడర్లకు అప్పగించాలి. లారీ 2 గంటలు ఆలస్యమైతే రోజంతా వెనక్కి జరుగుతుంది, సాయంత్రం లెక్క మాత్రం ఆగదు. ఇద్దరు రైడర్లు రాకపోతే ఆ రూట్లకు మీరే బండెక్కాలి. దసరా, దీపావళి సేల్ రోజుల్లో సెలవు అడగడం దండగ.

అసలు తలనొప్పి క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు. రైడర్ తెచ్చిన నగదు, యాప్‌లో చూపే మొత్తం, బ్యాంకు డిపాజిట్ స్లిప్ మూడూ ఆ రాత్రే కలవాలి. "రేపు ఇస్తా సార్" అన్న దగ్గరే లోటు మొదలవుతుంది. వేతనాల కోడ్, 2019 ప్రకారం, నష్టం పేరుతో జీతం కోసేముందు మీ వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కాబట్టి నోటిమాట వద్దు, ప్రతి లోటునూ ఆరోజే మెయిల్ చేయండి.

చేరిన రోజు పాత ఇన్‌ఛార్జి సమక్షంలో పెండింగ్ పార్శిళ్లు, కస్టమర్ రిటర్నులు లెక్కపెట్టి, సిస్టమ్ జాబితాతో సరిచూసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇది వదిలేస్తే పాత మాయం సరుకు మీ ఖాతాలో పడుతుంది.

ఓవర్‌టైమ్ మీద ఆశ పెట్టుకోకండి. "మేనేజర్" హోదా చూపి చాలాచోట్ల ఎగ్గొడతారు. ఆఫర్ లెటర్‌లో వారపు సెలవు, పని గంటలు, నగదు బాధ్యత ఎవరిదో రాయించుకోండి.