పలుపు కింద రెండు వేళ్లు

ప్రశ్న: టీచరుగారూ, మా ఊరి రామాలయంలో శనివారం భజన అయ్యాక అందరం కాసేపు అరుగుమీద కూర్చుంటాం. మొన్న ఒకాయన ఫోన్‌లో వీడియో చూపించారు. యుద్ధంలో దొరికిపోయిన సైనికుడు, ఏ దేశంవాడో తెలీదు. కళ్లకు గంతలు, చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. చుట్టూ ఉన్నవాళ్లు కొడుతూ నవ్వుతున్నారు. "శత్రువుకి దయేంటి, ఇది ధర్మయుద్ధం" అన్నారు మావాళ్లు. నాకు నోరు పెగల్లేదు. నిజంగా మన ధర్మం అలాగే చెప్పిందా? మిగతా మతాలో?
ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: లేదమ్మా, చెప్పలేదు. గుడి అరుగుమీద అన్న మాట కాబట్టి భాగవతంతోనే మొదలుపెడతాను. నిద్రపోతున్న ఉపపాండవులు ఐదుగురినీ అశ్వత్థామ చంపేశాడు. అర్జునుడు అతణ్ణి పట్టుకుని, పశువుని కట్టినట్టు తాళ్లతో కట్టి, ద్రౌపది ముందుకు ఈడ్చుకొచ్చాడు. ఐదుగురు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఆ కట్టు చూసి తట్టుకోలేకపోయింది. "విడిచిపెట్టండి, విడిచిపెట్టండి" అంది. నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి కృపి ఏడవకూడదంది. భీముడు చంపాల్సిందేనన్నాడు. చివరికి శిరోమణి తీసేసి, జుట్టు కోసి వెళ్లగొట్టారు. అంటే శిక్ష పడింది. కానీ కట్టేసినవాణ్ణి కొట్టి ఎవరూ ముచ్చట తీర్చుకోలేదు. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడైతే ఇంకా సూటిగా చెప్పాడు: గాయపడి దొరికిన శత్రువుకి మన రాజ్యంలోనే వైద్యం చేయించాలి, లేదా ఇంటికి చేర్చాలి. గాయం మానాక వదిలేయాలి. అదే సనాతన ధర్మమన్నాడు.

ఆ తాడు మాట చదివినప్పుడల్లా నాకు మా పెదనాన్న గుర్తొస్తారు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయినప్పుడు జపాన్ సైన్యానికి చిక్కిన వేలాది భారతీయ సిపాయిల్లో ఆయనొకరు. అక్కడ ఏం జరిగిందో మాకెప్పుడూ చెప్పలేదు. పాలకొల్లు దగ్గర మా పశువుల పాకలోకి రోజూ దీపాలవేళ వెళ్లి, దూడ మెడకున్న పలుపు కింద రెండు వేళ్లు దూర్చి చూసేవారు. దూరకపోతే ముడి విప్పి వదులుగా కట్టేవారు. ఆ వేళ్లకు పైన, మణికట్టు చుట్టూ నల్లటి చార ఉండేది. పాలేరు ఎప్పుడైనా బిగించి కడితే ఆ రాత్రి ఆయన అన్నం ముట్టేవారు కాదు.

మిగతా మతాల సంగతి అడిగారు. బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక, మీరూ వాళ్లతోపాటు బంధించబడినట్టే అనుకుని ఖైదీలను తలుచుకోమంటుంది. ఖురాన్ 76వ సూరాలో, అంటే అధ్యాయంలో, పేదకూ అనాథకూ ఖైదీకీ అన్నం పెట్టేవాళ్ల ప్రస్తావన ఉంది.

గ్రంథాల్లో ఉన్నంత మాత్రాన భక్తులు పాటిస్తారని కాదు. 1252లో పోపే ఒక శాసనంతో, మతం తప్పారన్నవాళ్ల విచారణల్లో హింసకు అనుమతిచ్చారు. 2004లో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫోటోలు బయటపడ్డాయి. 2006లో అమెరికాలో క్రైస్తవులు, యూదులు, ముస్లింలు కలిసి హింసకు వ్యతిరేకంగా ఒక ఉద్యమం మొదలుపెట్టారు. ప్రార్థనాలయాల బయట హింస తప్పని బ్యానర్లు కట్టారు. అయినా 2009లో ప్యూ అనే అమెరికన్ పరిశోధన సంస్థ సర్వే చేస్తే, వారం వారం ప్రార్థనకు వెళ్లే అమెరికన్లలో 54 శాతం మంది టెర్రరిస్టు అనుమానితుల్ని హింసించడం తరచుగానో అప్పుడప్పుడో సబబేనన్నారు. ఎప్పుడో తప్ప వెళ్లనివాళ్లలో 42 శాతమే అలా అన్నారు. ఈ లెక్క చదివిన రోజు నాకు చాలా కష్టమనిపించింది. మీ అరుగుమీద జరిగిందీ అదే కదా.

ఇంకో సంగతి. 1949 జెనీవా ఒప్పందం 13వ అధికరణం యుద్ధఖైదీని కొట్టడాన్నే కాదు, జనం వింతగా చూడటానికి నిలబెట్టడాన్నీ నిషేధించింది. ఆ ఒప్పందంలో మన దేశమూ ఉంది. కాబట్టి ఆ వీడియోని మీరు మాత్రం ఎవరికీ పంపకండి.

మావాళ్లతో వాదించలేనంటారా, వాదించకండమ్మా. వచ్చే శనివారం భాగవతం ప్రథమ స్కంధం తీసుకెళ్లి, అశ్వత్థామను కట్టి తెచ్చిన చోటునుంచి ద్రౌపది మాటలు అయ్యేదాకా పైకి చదవండి. పది నిమిషాలు కూడా పట్టదు.