ఎనభై మంది పిల్లలున్న స్టూడియో ఇస్తానంటున్నారు, తీసుకోనా?

ప్రశ్న: నా వయసు 36. పెద్ద నగరంలో బ్యాలే నేర్పుతాను. మూడు స్టూడియోల్లో కలిపి వారానికి 22 క్లాసులు. చెప్పిన క్లాసుకే డబ్బు, చెప్పకపోతే లేదు. సెలవుల్లో రెండు నెలలు స్టూడియోలు మూసేస్తారు. మొన్న చీలమండ మెలిపడి ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను. పైసా రాలేదు, క్రెడిట్ కార్డు మీద బతికాను. ఇప్పుడు ఒక స్టూడియో యజమానురాలు విరమించుకుంటూ లీజు, 80 మంది పిల్లలు, అద్దాలు, ఫ్లోర్ అన్నీ నాకే అప్పగిస్తానంటున్నారు. ఆవిడ అడిగే మొత్తం నా పొదుపంత ఉంది. సొంత స్టూడియో ఉంటే ఈ పరుగులు తప్పుతాయని ఆశ. ఆదివారంలోగా చెప్పమన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ షరతుల మీద అయితే వద్దనే చెబుతాను. కారణాలు మీరు పంపిన కాగితాల్లోనే ఉన్నాయి. మీ అంకెలు ఇక్కడ బయటపెట్టను. ఒక పిల్ల నెల ఫీజును ఒక పాలు (ఒక వాటా) అనుకుందాం, అన్నీ పాళ్ళలోనే లెక్కేద్దాం.

స్టూడియో అద్దె నెలకు 38 పాళ్ళు. చిన్నపిల్లల క్లాసులు చూసే సహాయ టీచరు, కరెంటు, శుభ్రం చేసేవాళ్ళు, సంగీతం లైసెన్సు, బీమా కలిపి ఇంకో 14. అంటే నెలకు 52, ఏడాదికి 624 పాళ్ళు. ఫీజులు వచ్చేది 10 నెలలే. 80 మందీ ఒక్కరు కూడా తగ్గకుండా ఉంటే 800 పాళ్ళు. మీకు మిగిలేది 176, నెలకు పంచితే 15 కూడా రాదు. ఇప్పుడు మీరు మూడు స్టూడియోల్లో కలిపి పనిచేసే నెలల్లో 25 పాళ్ళు తెచ్చుకుంటున్నారు. సెలవులు కలిపి పంచినా నెలకు 20 దాటుతుంది. పైగా అద్దెగదిలో సాయంత్రాలు గడిపితే పాత స్టూడియోలకు వెళ్ళలేరు, పిల్లలు బడి వదిలాక వచ్చే ఆ నాలుగైదు గంటలే ఎవరికైనా దొరికేది. మీరు కట్టే అద్దె మాత్రం ఇరవై నాలుగు గంటలకీ.

ఇంకో సంగతి. టీచరు మారితే పిల్లలు అలాగే ఉంటారన్న నమ్మకం లేదు. 15 మంది తగ్గారనుకోండి. 65 మంది, 10 నెలలు, 650 పాళ్ళు. ఖర్చు 624 మారదు. ఏడాది కష్టానికి మీ చేతిలో 26 పాళ్ళు. నెలకు ఇద్దరు పిల్లల ఫీజు!

మీ కాగితాల్లో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది వేరే ఉంది, మూడో పేజీలో చిన్న అక్షరాల్లో. ఆవిడ ఫీజులు మూడు నెలలకోసారి ముందుగా తీసుకుంటారు. మీరు తాళంచెవి తీసుకునే రోజుకు ఆ డబ్బు ఆవిడ ఖాతాలో పడిపోయి ఉంటే, మూడు నెలలు పాఠాలు మీవి, ఫీజు ఆవిడది. ఆ మూడు నెలల్లో మీరు కట్టాల్సింది 156 పాళ్ళు. మీ పొదుపు మొత్తం 90, అది అప్పటికే ఆవిడకు ఇచ్చేసి ఉంటారు. లాభనష్టాల లెక్కదాకా పోనక్కర్లేదు, మొదటి నెల అద్దెకే చేతులెత్తేస్తారు. ముందస్తు ఫీజుల పట్టిక, ఏ కుటుంబం ఏ తేదీదాకా కట్టిందో పేరుపేరునా ఉన్నది, చూడకుండా ఏ కాగితం మీదా సంతకం వద్దు. ఆ మొత్తాన్ని ఆవిడ అడిగే ధరలోంచి తగ్గించాలి. చాలామంది ఈ మాట అడగడానికి మొహమాటపడతారు. మీరు పడకండి.

ఫ్లోర్ గురించి కూడా అడగండి. బ్యాలేకు సిమెంటు నేల పనికిరాదని మీకు నేను చెప్పక్కర్లేదు. కింద చెక్క చట్రంతో కాస్త కుంగి లేచే నేల, పైన వినైల్ షీటు, ఇవి లేకపోతే కీళ్ళకు దెబ్బ. ఆ చట్రం గదికి బిగించి ఉంటే లీజు అయ్యాక అది ఇంటివాళ్ళకే మిగలొచ్చు. లీజు ఇంకా ఎన్నేళ్ళుంది, మధ్యలో వదలాలంటే షరతులేంటి, అద్దె ఎగ్గొడితే మీ సొంత ఆస్తిమీదికి వస్తారా? లీజు కాగితం తెచ్చుకుని ఈ మూడింటికీ జవాబు వెతకండి, ఒక లాయరుకు చూపించండి. ఆ ఫీజు దండగ కాదు.

సరే, స్టూడియో పక్కన పెడదాం. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది, ఇక్కడ వేయనిది, కాలు మెలిపడిన మంగళవారం గురించి రాసిన పేరా. పొద్దున పెద్దవాళ్ళ క్లాసు, తర్వాత మధ్యాహ్నమంతా ఖాళీ, నాలుగింటికి నగరం ఆ చివర చిన్నపిల్లలు. రైలు ఆలస్యమై, కోటు విప్పుతూనే లోపలికి పరుగెత్తి, బార్ (పట్టుకుని సాధన చేసే కడ్డీ) దగ్గర ఒక్క ప్లియే (మోకాళ్ళు వంచి లేవడం) కూడా చేయకుండా పిల్లలకు గెంతు చూపించారు. దిగేటప్పుడు కాలు మెలిపడింది. పిల్లలకైతే ఒళ్ళు వేడెక్కకుండా గెంతవద్దని రోజూ మీరే చెబుతారు కదా!

అది దురదృష్టమని మీరు రాశారు. నాకు అలా అనిపించలేదు, అది మీ టైంటేబుల్‌లో ఎప్పటినుంచో రాసి ఉన్న ప్రమాదం. 22 క్లాసులంటే 22 గంటలే అనుకుంటున్నారు. మీరు పంపిన డైరీ కూడితే వేరే కనిపించింది. ప్రయాణాలు 9 గంటలు, సంగీతం కత్తిరించి కూర్చడం, క్లాసుకు ఏం చెప్పాలో అనుకోవడం 4, మధ్యలో ఎదురుచూపులు 3, తల్లిదండ్రుల సందేశాలు, వార్షిక ప్రదర్శన రిహార్సల్స్ 3. మొత్తం 41 గంటలు. మీరు అనుకునే గంట రేటులో నిజంగా మీకు పడుతున్నది సగం కంటే కాస్త ఎక్కువ.

ఈ 9 గంటల ప్రయాణంలో 5 గంటలు ఒక్క ఆ దూరపు స్టూడియోకే. అక్కడ ఉన్నవి నాలుగు క్లాసులు. దాన్ని వదిలేయండి. వచ్చే ఆదాయంలో ఐదోవంతు కంటే కాస్త తక్కువ పోతుంది, అయితే ప్రయాణం 5, క్లాసులు 4 కలిపి వారానికి 9 గంటలు తిరిగి వస్తాయి. వాటిలో కొంత దగ్గరి స్టూడియోలో వరుసగా రెండు క్లాసులకు అడగండి. పొద్దున ఖాళీగా ఉండే హాలు గంటల లెక్కన అద్దెకు ఇమ్మని అడగండి. పెద్దయ్యాక బ్యాలే మొదలుపెట్టేవాళ్ళు పెద్ద నగరాల్లో ఉంటారు, వాళ్ళకు పగటి క్లాసులు కావాలి. ఎనిమిది క్లాసుల డబ్బు ముందే తీసుకోండి, నలుగురైదుగురితో అద్దె తీరకపోతే ఆ హాలు మీకు ఖరీదే. క్లాసుకు ఇరవై నిమిషాలు ముందు వెళ్ళి ఒళ్ళు వేడెక్కించుకోండి. దానికి ఎవరూ డబ్బివ్వరు, కానీ ఆరు వారాలు ఇంట్లో కూర్చోవడం కంటే చవక.

ఉన్న స్టూడియోలతో మాట్లాడేటప్పుడు ఒక్క షరతు రాతపూర్వకంగా పెట్టించుకోండి, క్లాసు రోజే రద్దు చేస్తే సగమైనా ఇవ్వాలని. గంట రేటు పెంచమని అడగడం కంటే ఇది తేలిగ్గా ఒప్పుకుంటారు.

ఇప్పుడు అప్పు. మీ దగ్గర 90 పాళ్ళ పొదుపు ఉంది, కార్డు మీద 38 పాళ్ళ బాకీ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వడ్డీ కడుతున్నారు. పొదుపు కరిగిపోతుందన్న భయం అర్థమవుతుంది, చాలామంది ఇదే చేస్తారు. కానీ కార్డు వడ్డీ మీ పొదుపు ఖాతా ఇచ్చే వడ్డీ కంటే చాలా ఎక్కువ. ఇవాళే మొత్తం కట్టేయండి. మిగిలిన 52 పాళ్ళు రెండున్నర నెలల ఖర్చుకు వస్తుంది. అది ముట్టుకోకండి.

తర్వాత మీకు మీరే జీతం ఇచ్చుకోండి. పనిచేసే నెలల్లో వచ్చే 25లో 20 మాత్రమే ఇంటికి తీసుకోండి, 5 వేరే ఖాతాలో పడాలి. పది నెలలకు 50. మూసేసే రెండు నెలలకు 40 తీసుకోగా 10 మిగులుతుంది. దూరపు స్టూడియో వదిలాక ఆదాయం తగ్గిన కొన్ని నెలలు ఈ జీతాన్ని 17కు దించుకోవాల్సి రావచ్చు. ఈ లెక్క పన్ను పోగా వచ్చిన డబ్బుమీద. మీ చెల్లింపుల్లో ముందే పన్ను కోయడం లేదు కాబట్టి, దానికి ఇంకో ఖాతా ఉండాలి. డబ్బు వచ్చిన రోజే అటు పంపేయండి.

బీమా విషయంలో మీరు రాసింది చూసి కొంచెం టెన్షన్ పడ్డాను. మీకున్నది ఆస్పత్రి బిల్లు కట్టే పాలసీ, ప్రమాద పాలసీ. మొదటిది ఇంట్లో కూర్చున్న వారాలకు డబ్బివ్వదు. రెండోది మామూలుగా ప్రమాదానికే. మెల్లగా అరిగి వచ్చే మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) వాపు, పాదం ఎముకలో రోజూ గెంతడం వల్ల వచ్చే సన్న పగులు, ఇవి ప్రమాదం కిందికి వస్తాయా అన్నది పాలసీ కాగితాన్నిబట్టే. మీకు కావలసింది పని చేయలేని కాలానికి ఆదాయంలో కొంత భాగం ఇచ్చే పాలసీ. మీరున్న చోట దొరికితే రెండు మాటలు చూడండి. ఒకటి, 'పని చేయలేకపోవడం' అంటే మీ సొంత వృత్తి చేయలేకపోవడమా, ఏ పనీ చేయలేకపోవడమా? రెండోదైతే కాలు విరిగినా కుర్చీలో కూర్చుని ఫోన్ ఎత్తగలరు కదా అంటారు. రెండు, డబ్బు మొదలయ్యేదాకా ఎన్ని వారాలు ఆగాలి? ఎక్కువ వారాలు ఆగితే ప్రీమియం తగ్గుతుంది. మీ 52 పాళ్ళు ఎనిమిది వారాలు లాగుతాయి కనుక, ఎనిమిది వారాల నిరీక్షణ తీసుకోవచ్చు. పాత చీలమండ గాయం దాచకండి. దాచితే క్లెయిమ్ రోజున అదే మొదట బయటికి తీస్తారు.

రిటైర్మెంట్ గురించి ఒక్క మాట. బ్యాలే గురువులు నోటితో, చేతి కర్రతో పాఠం చెప్పి ముసలితనందాకా నడిపించినవాళ్ళున్నారు. ఇటలీ బ్యాలే గురువు ఎన్రికో చెకెట్టి 1928లో, 78 ఏళ్ళ వయసులో, మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా థియేటర్‌లో పాఠం చెబుతూ కుప్పకూలి మర్నాడు కన్నుమూశారు. వినడానికి గొప్పగా ఉంటుంది, ప్లాన్‌గా మాత్రం నేను రాసివ్వలేను. కార్డు తీరి, ఆరు నెలల ఖర్చు చేరాక, ఆ ఏడాది మిగిలే 10 పాళ్ళు పెన్షన్ ఖాతాలోకి వెళ్ళాలి.

ఇక ఆ స్టూడియో. మొత్తం తీసుకోకుండా వారానికి రెండు సాయంత్రాలు, శనివారం పొద్దున, ఏడాదికి గంటల లెక్కన అద్దెకిస్తారా అని అడగండి. మీ కింద చేరే పిల్లల ఫీజు మీకే రావాలి. ఏడాది తర్వాత ఆ 80లో ఎంతమంది మీతో ఉన్నారో కళ్ళతో చూస్తారు, అప్పుడు లీజు మాట తీయొచ్చు. ఆవిడ ఒప్పుకోకపోతే ఆవిడకు తొందరగా బయటపడటమే ముఖ్యమని అర్థం. ఆదివారానికి జవాబుగా ఇది రాయండి: 'ముందస్తు ఫీజుల పట్టిక, లీజు కాగితం పంపండి, చూశాక చెబుతాను.' పట్టిక వస్తే నాకూ పంపండి, 624 మళ్ళీ సరిచూస్తాను.