సోమవారం సమీక్షకు ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఏడుగురున్న బృందానికి నాయకురాలివైన తరువాత వచ్చిన మొదటి మూడు నెలల ఫలితాలు అనుకున్నదానికంటే బాగా తగ్గాయనీ, సోమవారం పై అధికారికి సంజాయిషీ చెప్పుకోవలసి ఉందనీ, కారణం ఫలానా ఇద్దరేనని రుజువు చేసే ఈమెయిళ్లన్నీ తేదీలవారీగా పేర్చి పెట్టుకున్నాననీ రాశావు. ఆ కట్టను సోమవారం ఆ గదిలోకి తీసుకుపోవద్దని చెప్పడానికే ఈ జవాబు రాస్తున్నాను.

ఆ ఇద్దరి తప్పూ లేదని నేననడం లేదు, ఉండే ఉంటుంది. కానీ ఆ కాగితాలు తిరగేస్తున్నప్పుడు మీ అధికారి మనసులో మెదిలే ప్రశ్న వారిని గురించి కాదు, నిన్ను గురించి. మొదటి గడువు దాటిపోయి ఆరు వారాలైందని నీ ఈమెయిలే చెబుతున్నప్పుడు, ఆ ఆరు వారాలూ నీవేం చేశావని ఆయన ఆలోచిస్తారు. వారి మీద నీవు పోగుచేసిన ప్రతి సాక్ష్యమూ ఆ సంగతి నీకు ఎప్పటినుంచి తెలుసో చెప్పే సాక్ష్యం కూడా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందని ఆయన పైకి అనకపోవచ్చు, కానీ అనుకోకుండా ఉండలేరు.

ఇది నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నది కాదు. మొదటిసారి ఒక విభాగం నా చేతికి వచ్చినప్పుడు, నెలవారీ నివేదికలో అంకెలు తప్పుగా వెళ్లాయి. దాన్ని తయారుచేసిన అమ్మాయి పాత ఫైలులోంచి అంకెలు తీసుకుంది. అధికారి పిలిచి అడిగినప్పుడు నేను తడుముకోకుండా, "కొత్తగా చేరిన అమ్మాయి పొరపాటు చేసిందండీ" అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఏ ఫైలు వాడాలో ఆ అమ్మాయికి చెప్పిందెవరు?" అని మాత్రం అడిగారు. చెప్పింది నేనే. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని మెట్లు దిగుతూ, వెనక్కైనా తిరగకుండా, "కొత్తది వాడమ్మా" అన్నాను. తరువాత వెళ్లి చూస్తే ఆ ఫోల్డరులో 'కొత్తది', 'కొత్తది రెండు', 'అసలు కొత్తది' అని మూడు ఫైళ్లున్నాయి. ఆ పేర్లలో రెండు నేను పెట్టినవే.

అసలు నష్టం ఆ రోజు జరగలేదు. నేనన్న మాట ఎలాగో ఆ అమ్మాయి చెవిన పడింది. నాలుగు నెలల తరువాత మరో లెక్కలో తేడా ఉందని ఆమె ఒక మంగళవారం గమనించి, నాకు చెప్పకుండా, తానే సరిదిద్దాలని మూడు రోజులు తంటాలు పడి, ఇక చేతకాక శుక్రవారం సాయంత్రం వచ్చి చెప్పింది. మంగళవారమే చెప్పి ఉంటే అది అరగంట పని. శుక్రవారానికి ముగ్గురం శని, ఆదివారాలు కూర్చోవలసి వచ్చింది. ఎందుకు చెప్పలేదని అడిగితే తల వంచుకుంది తప్ప మాట్లాడలేదు. కిందివారిని ఒక్కసారి పైవారికి అప్పగించిన నాయకుడి దగ్గరకు చెడ్డ కబురు వేళకు రాదు, వచ్చేటప్పటికి అది ముదిరి ఉంటుంది.

నీ ఉత్తరంలో ఇంకొకటి గమనించాను, చెబితే నొచ్చుకోవు కదా. బాగా జరిగిన పనులన్నింటికీ 'చేశాం' అని రాశావు. చెడినవాటికి 'జరిగిపోయింది', 'ఆలస్యమైంది', 'కుదరలేదు' అని రాశావు. మన భాషలో కర్త ఊసే లేకుండా వాక్యం ఎంత సాఫీగా సాగిపోతుందో నీకు తెలియనిది కాదు, అందుకే సంజాయిషీలకు అది అంత అనువుగా ఉంటుంది. 1944 జూన్ 5న, నార్మండీ తీరం మీద మిత్రరాజ్యాల దాడికి ముందురోజు, సర్వసేనాని ఐసెన్‌హోవర్ ఆ దాడి విఫలమైతే ప్రకటించడానికి చిన్న చీటీ ఒకటి రాసి దగ్గర ఉంచుకున్నాడు. అందులో తేదీ కూడా జూన్‌కు బదులు జూలై అని పొరపాటున పడింది. సేనలు వెనక్కి రావడం జరిగిందన్న అర్థంలో మొదట రాసిన మాటలను కొట్టివేసి, సేనలను నేను వెనక్కి రప్పించానని దిద్దాడు. సైనికులు చేయగలిగినదంతా చేశారనీ, నింద ఏదైనా ఉంటే అది తన ఒక్కడిదేననీ ముగించాడు. మర్నాటి దాడి ఫలించింది కనుక ఆ చీటీతో పని పడలేదు. ఫలితం తెలియకముందే, ఒంటరిగా కూర్చుని, ఆ ఒక్క క్రియాపదాన్ని ఆయన దిద్దుకున్నాడన్నదే నేను నీకు చూపించదలచినది. నీవూ సోమవారానికి రాసుకున్న కాగితం తీసి, 'ఆలస్యమైంది' అన్నచోట 'గడువు దాటుతున్నదని తెలిసీ నేను వెంటనే పని తిరిగి పంచలేదు' అని రాయగలవేమో చూడు. రాయలేకపోతే, ఆ పని నిజంగానే నీ చేతిలో లేదేమో ఆలోచించు, అప్పుడు అదే మాట నిర్మొహమాటంగా చెప్పవచ్చు.

'మనం' అనే మాటతో కూడా కాస్త జాగ్రత్తగా ఉండు. పై అధికారి ఎదుట కూర్చుని "మనం వెనకబడ్డామండీ" అంటే ఆయనను కూడా ఆ లెక్కలోకి లాగినట్టే. తిలాపాపం తలా పిడికెడని పంచితే, చివరికి ఎవరి వాటా ఎంతో తేలదు. "మేము" అనడం కొంత నయం. అయితే నీ పాలు ఎంతో చెప్పవలసినచోట "నేను" అనక తప్పదు.

ఇంతవరకూ చదివి, అందరి తప్పులూ నెత్తిన వేసుకుని త్యాగమూర్తిలా నిలబడమంటున్నానని అనుకుంటావేమో. అదీ పనికిరాదు. "అంతా నా తప్పే" అని ఒక్క మాటతో ముగించడం కూడా తప్పించుకోవడంలో ఒక పద్ధతే. దాంతో ఎదుటివారు ఇంకేమీ అడగలేరు, అసలు కారణం అక్కడే సమాధి అవుతుంది. 1956 నవంబరులో అరియలూరు రైలు ప్రమాదం తరువాత లాల్ బహదూర్ శాస్త్రి రైల్వే మంత్రి పదవికి రాజీనామా చేశారు. మంత్రికి అది నైతిక ధర్మమే కావచ్చు, కానీ ఏడుగురి బృందాన్ని నడిపే నీకు బాధ్యత అంటే పక్కకు తప్పుకోవడం కాదు, అక్కడే ఉండి కారణం వెతకడం.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయినప్పుడు ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ పత్రికలవారి ముందుకు తానే వెళ్లారనీ, మరుసటి ఏడాది జూలై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాంను ముందుకు పంపారనీ నీవు ఎన్నోసార్లు విని ఉంటావు. ఈ కథ చెప్పేవారు సాధారణంగా రెండు సంగతులు వదిలేస్తారు. బయటివారి ఎదుట ధావన్ భారం మోసినా, లోపల జరిగిన సమీక్షలో కలాం తన బాధ్యతను తానే ఒప్పుకున్నారు, పైవాడు కాచుకున్నాడు కదా అని కిందివాడు ఊరుకోలేదు. రెండవది, రెండవ దశ నియంత్రణ వ్యవస్థ ఎందుకు పనిచేయలేదో వారు వెతికారు. మలినం చేరి మూసుకోని ఒక వాల్వు గుండా నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని పట్టుకున్నారు. దొరికిన కారణం ఒక వాల్వు, మనిషి కాదు. నీ ఇద్దరి విషయంలోనూ ఆ వాల్వు ఏదో వెతుకు. వారికి పని అప్పగించినప్పుడు గడువు మాత్రమే చెప్పావా, దేన్ని పక్కన పెట్టవచ్చో కూడా చెప్పావా? వారిలో ఒకరు మరో బృందానికి కూడా పని చేస్తున్నారని రాశావు. ఆ రెండు పనుల్లో ఏది ముందో తేల్చవలసింది ఆ మనిషా, నీవా?

సోమవారం గదిలో చెప్పవలసింది కొంచెమే. ఎంత తగ్గిందో అంకెలతో ముందే చెప్పేసెయ్, ఆయన అడిగేదాకా ఆగవద్దు. నీవు వేళకు చేయనిది ఒకటో రెండో స్పష్టంగా చెప్పు. వచ్చే ఆరు వారాల్లో ఏం మారుస్తున్నావో, దానికి ఆయన నుంచి ఏం కావాలో చెప్పు. "ఎవరి వల్ల?" అని ఆయన గుచ్చి అడిగితే, "ఆ సంగతి వారితో నేను మాట్లాడుతున్నానండీ, ఫలితానికి జవాబుదారీ నేను" అనడం చాలు.

ఆ ఇద్దరితో మాట్లాడటం మాత్రం ఆదివారంలోగా పూర్తిచెయ్, విడివిడిగా, తలుపు వేసుకుని. అక్కడ మెత్తబడనక్కరలేదు. పైవారి ఎదుట వారి పేరు ఎత్తకపోవడానికీ, వారి ముఖాన నిజం చెప్పకపోవడానికీ చాలా తేడా ఉంది. నన్నడిగితే, నాయకులలో ఎక్కువమంది ఈ రెండవదాన్నే మంచితనమనుకుని చెడిపోతారు. ఇద్దరిలో ఒకరు అప్పటికీ మారకపోతే ఆ మనిషిని ఆ పని నుంచి తప్పించడం కూడా నీ బాధ్యతలోదే. ఆ నిర్ణయాన్ని పై అధికారి మీదకు నెట్టవద్దు.

మిగిలిన ఐదుగురిలో ఎవరు ఏ పని బాగా చేశారో పేరుపేరునా ఆ గదిలోనే చెప్పడం మరచిపోకు. "బృందమంతా కష్టపడింది" అంటే ఎవరూ కష్టపడనట్టే వినిపిస్తుంది.

దిద్దిన కాగితం ఆదివారం రాత్రిలోగా నాకు పంపు. ఈమెయిళ్ల కట్ట పంపనక్కరలేదు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న