చిన్న కుక్క నోటి కంపు: పళ్ల వల్లా, లోపలి జబ్బు వల్లా?

ప్రశ్న: మా పొమేరియన్‌కి ఏడేళ్లు. ఏడాదిగా నోరు కంపు కొడుతుంటే పళ్ల వల్లేలే అనుకున్నాం. వారం నుంచి వాసన మారింది, మగ్గిన పండులా తియ్యగా వస్తోంది. నీళ్లు తెగ తాగుతోంది, చిక్కిపోయింది. ఇంకొన్నాళ్లు ఆగి చూడొచ్చా?

జవాబు: ఆగకండి, ఇవాళే చూపించండి. ఇన్సులిన్ చాలక ఒళ్లు చక్కెరను వాడుకోలేనప్పుడు కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు పుట్టే కీటోన్ల వాసనే ఇది. కొందరికి నెయిల్ పాలిష్ రిమూవర్‌లా తోస్తుంది. అతిదాహం, తింటున్నా చిక్కిపోవడం మధుమేహాన్నే సూచిస్తాయి. వాంతులు, మగత మొదలైనా, తిండి మానేసినా తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ఇల్లు తడిపేస్తోందని నీళ్ల గిన్నె తీసేయకండి, ఒంట్లో నీరు ఇంకా తగ్గిపోతుంది. దొరికితే కాస్త మూత్రం శుభ్రమైన సీసాలో పట్టుకెళ్లండి, కీటోన్లు అందులోనే తెలుస్తాయి. ఒకవేళ వాసన అమ్మోనియాలా, మూత్రంలా ఉంటే కిడ్నీలను అనుమానించాలి. అప్పుడు నాలుక అంచుల్లో పుండ్లున్నాయేమో చూడండి.

ఇక ఆ పాత కంపు సంగతి. అదీ వదిలేయదగ్గది కాదు. పెద్ద కుక్కకున్న 42 పళ్లే ఈ చిన్న దవడలోనూ ఇరుక్కుని ఉంటాయి, సందుల్లో పాచి నిలుస్తుంది. అది రెండు మూడు రోజుల్లోనే గారగా గట్టిపడటం మొదలవుతుంది, ఆ తర్వాత బ్రష్‌కి లొంగదు. పై పెదవిని వెనక్కి ఎత్తి, దవడ వెనకవైపు ఉన్న అన్నిటికన్నా పెద్ద పన్ను చూడండి. గోధుమరంగు పెచ్చు, దాని పైన చిగురు వెంట ఎర్రటి గీత కనిపిస్తే జబ్బు చిగురు కిందికి చేరుతున్నట్టే. కంటి కింద వాపొస్తే ఆ పన్ను వేరులో చీము పట్టి ఉండొచ్చు. చిన్న కుక్కల కింది దవడ ఎముక సన్నం. చిగుళ్ల జబ్బు దాన్ని తినేస్తే చిన్న దెబ్బకే విరుగుతుంది.

మత్తివ్వకుండా గార గీకిస్తే పైకి తెల్లబడతాయి, అంతే. చిగురు కింద శుభ్రం చేసి, ఎక్స్‌రే తీసి చూడాలంటే మత్తు తప్పదు. మధుమేహం అదుపులోకి వచ్చాక ఆ పని పెట్టుకోండి.

శుభ్రం చేయించి, చిగుళ్లు మానాక రోజూ బ్రష్ చేయండి. మొదటి వారం వేలికి గుడ్డ చుట్టి రుద్దడం అలవాటు చేయండి. తర్వాత మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీలు వాల్చి, పళ్ల బయటివైపు ఒక్కో పక్క అర నిమిషం. కుక్కల పేస్టు బఠాణీగింజంత చాలు. మనుషుల పేస్టు ఉమ్మలేదు, మింగేస్తుంది. అందులో జైలిటాల్ (చక్కెరకు బదులు వేసే తీపి) ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. నమలడానికి ఇచ్చేది గోరు దిగనంత గట్టిగా ఉంటే వద్దు, పన్ను చిట్లుతుంది.

ప్రశ్న: ఐదు నెలల కుక్కపిల్ల. నోట్లోంచి తుప్పు వాసన, బొమ్మ మీద రక్తపు చుక్క. భయపడాలా?

జవాబు: అక్కర్లేదు, పాలపళ్లు ఊడే వయసే. రక్తం ఆగకుండా కారితేనే చూపించండి. అయితే కొత్త కోరపన్ను పక్కనే పాతది ఇంకా నిలిచి ఉందేమో గమనించండి. చిన్న జాతుల్లో ఇది మామూలే, కానీ రెండింటి మధ్య తిండి ఇరుక్కుని కుళ్లుతుంది. పాతదాన్ని డాక్టర్ చేతే తీయించండి. మీరు లాగితే వేరు లోపలే విరిగిపోతుంది.

ప్రశ్న: మా షీ జూ నోరు చేపల వాసన కొడుతోంది, చేపలు పెట్టం. ఎందుకు?

జవాబు: తోక కింద నాకుతోందా? వెనక్కి కూర్చుని నేల మీద ఈడ్చుకుంటోందా? అయితే మలద్వారం పక్కనున్న గ్రంథులు నిండి ఆ వాసన నోటికి అంటుకుంటోంది. డాక్టర్ పిండి ఖాళీ చేస్తారు. అలా చేయించాక కూడా వాసన పోకపోతే పళ్లు చూపించండి.